62వ నంబరు రోడ్డు, దాని పక్కన పేర్లు

మా హోసూరు మీదుగా పోయే పెద్ద రోడ్డును మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డు అనే అంటారు. 2010లో కేంద్రం జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చి, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఒకటే 44 అని పెట్టింది. మన వైపు 7 అందులో కలిసిపోయింది. బోర్డులు మారినాయి గానీ మా నోళ్లు మారలేదు. అలాంటి ఇంటివాళ్లం కాబట్టి, మా పెద్దమ్మాయి కాపురముండే ఓక్లహోమా రాష్ట్రానికి పోయి మూడు నెలలున్నప్పుడు అక్కడి రోడ్ల నంబర్ల మీదే మా కన్ను పడింది. ఈసారి రాసేది ఆ సంగతులే. ఇదంతా మనకెందుకు అని అడిగేవాళ్లు చివరిదాకా చదవండి, మనకు సంబంధించిందే ఉంది.

అమెరికాలో పెద్ద రోడ్లు రెండు రకాలు. ఇంటర్‌స్టేట్ అనేవి 1956 చట్టం తర్వాత వేసినవి. అవి ఊళ్లలో ఆగవు, పక్కనుంచి దూసుకుపోతాయి. వాటికంటే ముందువి యూఎస్ హైవేలు. తెల్లటి డాలు బొమ్మ మీద నల్ల అంకెలుంటాయి. ఇవి ఊరి నడుమనుంచే పోతాయి, బ్యాంకు ముందు, చర్చి ముందు, కోర్టు కచేరీ ముందు. పేరు యూఎస్ అయినా రోడ్డు వేసేదీ, గుంతలు పూడ్చేదీ ఆయా రాష్ట్రమే. ఏ రోడ్డుకు ఏ నంబరు అన్నది మాత్రం రాష్ట్రాల రహదారి శాఖలన్నీ కలిసి పెట్టుకున్న ఒక సంఘం తేలుస్తుంది.

నంబర్ల వెనక ఒక లెక్క ఉంది. బేసి అంకెలు ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లకు, సరి అంకెలు తూర్పు పడమరలుగా పోయేవాటికి. తూర్పునుంచి పడమరకు పోయేకొద్దీ బేసి అంకె పెరుగుతుంది, ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేకొద్దీ సరి అంకె పెరుగుతుంది. మన దేశంలో 2010లో పెట్టిన లెక్క కూడా ఇదే, కాకపోతే సరి బేసి తారుమారు. అందుకే మన ఉత్తర దక్షిణ రోడ్డు 44, సరి అంకె.

ఓక్లహోమా పటం చూస్తే పొడుగాటి పిడి ఉన్న పెనం లాగుంటుంది. తూర్పునుంచి మొదలుపెడితే 59, 69, 75, 77, 81 వరసగా నిలువు గీతలు, పిడి దగ్గర 83. అడ్డంగా ఉత్తరాన 60, దక్షిణాన టెక్సస్ సరిహద్దు పక్కన 70. మూడంకెల నంబరైతే చివరి రెండంకెలు ఏ రోడ్డు కొమ్మో చెబుతాయి. 169 అంటే 69 కొమ్మ, 377 అంటే 77 కొమ్మ. లెక్క తప్పినవీ ఉన్నాయి. తుల్సా మీదుగా పోయే 412 తన పెద్ద రోడ్డు కావలసిన 12ను ఎక్కడా కలవదు. 62 ఏమో 64కు పైన ఉండాల్సింది పోయి, ఈ రాష్ట్రంలో దానికంటే కిందికి దిగి ఏటవాలుగా నడుస్తుంది.

ఈ నంబర్లు రాకముందు రోడ్లకు పేర్లుండేవి. వాటిని పెట్టింది సర్కారు కాదు, ప్రైవేటు సంఘాలు. ఒకే రోడ్డుకు రెండు మూడు పేర్లు, స్తంభాల మీద రకరకాల రంగు గుర్తులు. కొత్తగా వచ్చినవాళ్లకు దారి తెలిసేది కాదు. 1925లో కేంద్రం ఒక బోర్డు వేసి అందరికీ పనికొచ్చే నంబర్లు పెట్టమంది. ఆ బోర్డులో తుల్సా వ్యాపారి సైరస్ ఏవరీ ఒకడు. షికాగో నుంచి లాస్ ఏంజెలిస్ పోయే రోడ్డు తన ఊరి మీదుగా పోవాలని పట్టుబట్టి సాధించినాడు. ఊరి శివార్లో ఆయనకే ఒక పెట్రోలు బంకూ, ఒక భోజన హోటలూ ఉండేవి, కాబట్టి ఆ పట్టుదలలో స్వార్థం లేదనలేం. అయినా లాభం ఊరంతటికీ వచ్చింది.

ఆయన ఆ రోడ్డుకు 60 కావాలన్నాడు. సున్నాతో ముగిసే అంకెలు ముఖ్యమైన రోడ్లవి. కెంటకీ గవర్నరు ఒప్పుకోలేదు, మా రాష్ట్రానికి ఒక్క సున్నా రోడ్డూ లేదు, 60 మాకే ఇవ్వాలన్నాడు. నెలల తరబడి గొడవ జరిగింది. చివరికి 1926 ఏప్రిల్ 30న మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చుని చూస్తే 66 ఎవరికీ ఇవ్వకుండా మిగిలింది. అదే చాలని తంతి కొట్టినారు. ఆ ఏడు నవంబరు 11న మొత్తం నంబర్ల పట్టీ ఖాయమైంది. అడిగింది దొరక్క తీసుకున్న 66 తర్వాత ప్రపంచమంతా తెలిసిన నంబరయింది.

1953లో ఓక్లహోమా సిటీకీ తుల్సాకూ మధ్య సుంకం రోడ్డు తెరిచినారు. 66 మీది బండ్లు అటు మళ్లినాయి. తర్వాత ఇంటర్‌స్టేట్‌లు వచ్చినాయి. పాత రోడ్డు మీదుండే చాండ్లర్, స్ట్రౌడ్, బ్రిస్టో లాంటి ఊళ్లకు దారిన పోయే గిరాకీ తగ్గింది. 1985 జూన్ 27న 66 నంబరునే పట్టీ నుంచి తీసేసినారు. బోర్డులు పీకేసినారు.

ఇక్కడే మాకు ఆ ఊళ్లవాళ్లు నచ్చినారు. యూఎస్ 66 పోతే పోయిందని, రాష్ట్రం తన సొంత రోడ్డుగా చాలా భాగానికి అదే 66 నంబరు పెట్టుకుంది. ఊళ్లవాళ్లు గోడల మీద 66 రాసుకున్నారు. క్లింటన్ అనే ఊళ్లో దానికొక మ్యూజియం కూడా ఉంది. పైనుంచి వచ్చిన నంబరు, వాడి వాడి జనం పేరైపోయింది. పేరైనాక పట్టీలో ఉందో లేదో ఎవరూ చూడరు. మా ఏడో నంబరు రోడ్డు గుర్తొచ్చింది.

అయితే మమ్మల్ని నిజంగా ఆపి ఆలోచింపజేసింది 66 కాదు, 62. ఇది మెక్సికో సరిహద్దున ఎల్ పాసో దగ్గర మొదలై, కెనడా సరిహద్దున నయాగరా దాకా పోతుంది. ఓక్లహోమాలో లాటన్, అనడార్కో, చికషే, ఓక్లహోమా సిటీ, బోలీ, ఒకీమా, ఒక్మల్గీ, మస్కోగీ, టాలెక్వా ఊళ్లను కలుపుతుంది. బోలీ నల్లజాతివాళ్లు తమకోసం కట్టుకున్న ఊరు. ఒకీమా పాటగాడు వుడీ గత్రీ పుట్టిన ఊరు. మిగతావాటిలో చాలా పేర్లు అక్కడి ఆదివాసీ జాతులవి.

ఒక శనివారం పొద్దున్నే తుల్సా నుంచి బయల్దేరినాం. 75 మీద దక్షిణానికి సుమారు 40 మైళ్లు పోతే ఒక్మల్గీ, అక్కడినుంచి 62 పట్టుకుని తూర్పుకు. దారిలో కొన్నిచోట్ల ఒకే స్తంభానికి రెండు మూడు డాలు బోర్డులుంటాయి. రెండు రోడ్లు కొంతదూరం ఒకే తారు మీద కలిసి నడిచి మళ్లీ విడిపోతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మన హోసూరువాళ్లకు అందులో వింతేమీ కనబడదు.

మొదట తుల్సా సంగతి. మా అమ్మాయి అక్కడికి పోయిన కొత్తలో మా అవ్వ దాన్ని తులసి ఊరు అనేది. అసలు మాట మస్కోగీ జాతివాళ్లది, పాత ఊరు అని అర్థం చెబుతారు. వాళ్లు మొదట అక్కడివాళ్లు కాదు. ఆగ్నేయాన అలబామా, జార్జియా వైపు ఉండేవాళ్లు. 1830 చట్టం తర్వాత వాళ్లనూ, చెరొకీ, చొక్టా, చికసా, సెమినోల్ జాతులనూ బలవంతంగా పడమటికి తోలేసినారు. వస్తూ వస్తూ ఒక మస్కోగీ గుంపు తమ ఊరి నిప్పు బూడిదలో దాచుకొని తెచ్చి, 1836లో ఒక ఓక్ చెట్టు కింద మళ్లీ రాజేసుకున్నారంటారు. ఆ చెట్టు తుల్సాలో ఇప్పటికీ ఉంది. వదిలివచ్చిన ఊరి పేరే కొత్త ఊరికి పెట్టుకున్నారు. ఒక్మల్గీ కూడా అట్లా జార్జియా నుంచి మోసుకొచ్చిన పేరే. అక్కడ 1878లో రాతితో కట్టిన వాళ్ల సభామందిరం చూసినాం. 2020లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ నేల మస్కోగీలకిచ్చిన మాట ఎప్పుడూ రద్దు కాలేదని తీర్పు చెప్పింది.

మస్కోగీ ఊరు దాటి టాలెక్వా చేరేసరికి మధ్యాహ్నమైంది. 1839 నుంచి అది చెరొకీల రాజధాని. 1838, 39ల్లో వాళ్లను తరిమినప్పుడు వేలమంది దారిలోనే ప్రాణాలు విడిచినారు. మిగిలినవాళ్లు వచ్చి కట్టుకున్న ఊరది. అక్కడ వీధుల బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు చెరొకీ లిపి ఉంటుంది. ఆ లిపిని సెక్వోయా అనే ఆయన 1821 ప్రాంతంలో తయారుచేసినాడు. అప్పటికి ఆయనకు ఏ భాషా చదవనూ రాయనూ రాదు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 అక్షరాలు. మన గుణింతం లాగా ఒక్కో అక్షరం ఒక్కో పలుకు, కానీ తలకట్టూ గుడీ కొమ్మూ ఉండవు. ప్రతి పలుకుకూ వేరే బొమ్మ. 1828కల్లా ఆ లిపిలో పత్రిక వేసినారు.

బండి దిగి మా మనవడు ఆ బోర్డు కింద నిలబడి చాలాసేపు చూసినాడు. వానికి తొమ్మిదేళ్లు. తెలుగు బాగా మాట్లాడతాడు, చదవడం రాదు. "తాతా, మన అక్షరాలు ఏ ఊరి బోర్డు మీద ఉన్నాయి?" అని అడిగినాడు. ఆంధ్రాలో, తెలంగాణలో ఊరూరా ఉన్నాయిరా అని చెప్పినాం. "అది కాదు, మన ఊళ్లో?" అన్నాడు. వాని లెక్కలో మన ఊరంటే హోసూరు.

ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. హోసూరులో అక్కడక్కడా తెలుగు అక్షరాలు కనబడతాయి, గుడి దగ్గర, పాత దుకాణం మీద. ఉన్నవాటిని చదివే కండ్లు తగ్గిపోతున్నాయి. వాని వయసే ఉన్న మా రెండో మనవరాలు హోసూరులోనే పుట్టి పెరుగుతోంది. అదీ తెలుగు గడగడా మాట్లాడుతుంది, అదీ చదవలేదు. తుల్సాలో ఉన్నవానికి రాకపోవడానికి దూరం ఒక సాకు. గడప దాటితే తెలుగు వినబడే ఊళ్లో ఉన్న దానికి ఏ సాకు చెబుతాం?

చెరొకీలతో మనల్ని పోల్చుకోవడం లేదు. మనల్ని ఎవరూ తుపాకులు చూపించి తరమలేదు. మనవాళ్లు కొన్ని తరాలుగా ఇక్కడున్నారు. 1953లో, 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు గీతకు ఇవతల మిగిలినాం, అంతే. వాళ్ల జాతిలో ఇప్పుడు 4 లక్షలకు పైగా జనముంటే, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు మహా అయితే 2,000 మంది. కోట్లమంది మాట్లాడే తెలుగుకు ఆ గండం లేదు. కానీ తెలుగు మొత్తానికి గండం లేకపోవడం వేరు, మన ఇంట్లో తెలుగు ఆగిపోకుండా ఉండడం వేరు. మొదటిది చూసుకుని రెండోదాన్ని మరిచిపోతున్నాం. అయినా టాలెక్వాలో పిల్లలకోసం చెరొకీలోనే పాఠాలు చెప్పే బడి నడుస్తోంది.

మనమూ పేర్లు మోసుకొచ్చినవాళ్లమే. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్ల పేర్లున్నాయో చూడండి. ఏ కృష్ణా ఒడ్డునో, పెన్న ఒడ్డునో ఉన్న పల్లె పేరు, తాతల తాతలు వదిలివచ్చిన పేరు, ఈపొద్దు హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో రేషను కార్డు మీద ఒక అక్షరంగా ముడుచుకుని ఉంది. ఇనీషియల్ అంటే ఏమిటని పిల్లల్ని అడిగితే ఇంగ్లీషు అక్షరం చెబుతారు, ఊరి పేరు చెప్పలేరు. అది కూడా రోడ్డు నంబరు లాగే అయిపోయింది. దేన్ని సూచిస్తుందో తెలియదు, ఉందంటే ఉంది.

ఊరికొచ్చినాక మేము రెండు పనులు పెట్టుకున్నాం. గడప పక్కన ఇంటిపేరు పూర్తిగా తెలుగులో రాయించినాం. అక్షరాలు చూసి బోర్డు రాసే అతను, ఆయనా తెలుగాయనే, కాగితం మీద ముందు రాసిమ్మని అడిగినాడు. రెండోది, ఆదివారం పొద్దున అరగంట, ఫోన్లో ఇద్దరు పిల్లలనూ కలిపి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం. అక్కడ శనివారం రాత్రి, వాడు ఆవులిస్తూ దిద్దుతాడు. ఇప్పటికి హల్లుల్లో సగం అయినాయి. ఒత్తులు వచ్చేసరికి ఏమవుతుందో చూడాలి.

మీ అందరికీ ఒక మనవి. మీ ఇంటిపేరు ఏ ఊరిదో, ఆ ఊరు ఎక్కడుందో, మీవాళ్లు ఏ దారిన మీ ఊరికి వచ్చినారని పెద్దలు చెబుతారో నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఆ దారికి మీ ఇంట్లో వాడే పాత పేరో, పాత నంబరో ఉంటే అదీ రాయండి. ఫోన్లో తెలుగు కొట్టడం రానివాళ్లు కాగితం మీద రాసి ఫోటో పంపినా చాలు. ఒక్క షరతు, ఆ కాగితం ఇంట్లో పిల్లల చేత రాయించాలి.