బ్రౌను నెలవులో అరగంట

మా కడపలో సాహిత్య సదస్సు జరిగినప్పుడెల్లా రెండవనాటి మధ్యాహ్నం "స్థానిక సందర్శనం" అని ఒక అంశం ఉండనే ఉంటుంది. పత్రసమర్పణలు ముగిసి, భోజనాలైన పిదప ప్రతినిధులను బస్సెక్కించి ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికీ, భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికీ, ప్రొద్దు మిగిలితే దేవుని కడపకూ, పెద్ద దర్గాకూ త్రిప్పుతారు. తెలుగు పండితుడనన్న పేరు ఉన్నది గనుక, పదవీ విరమణానంతరం ఈ త్రిప్పే పని అప్పుడప్పుడు నాకు సంక్రమిస్తూ వచ్చింది. నలభైమందికి ఒక అరగంట! అందులో పది నిమిషాలు బ్రౌను విగ్రహం చెంత ఫొటోలకే సరి.

ఒకసారి కోస్తా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని తాటియాకు ప్రతులను శ్రద్ధగా చూచి, "మాస్టారూ, వీటిలో బ్రౌనుగారు పరిష్కరించినవి ఏవండీ?" అని అడిగింది. "అమ్మా, ఆయన సేకరించిన ప్రతులు ఇక్కడ లేవు. వాటికోసం చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లాలి" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. బస్సెక్కేటప్పుడు నిర్వాహకులలో ఒకాయన నన్ను ప్రక్కకు పిలిచి, "అయివారూ, అంత దూరం నుంచి వచ్చినోళ్లకు లేవని చెప్తే ఎట్ల? ఉండాయంటే పోలా!" అన్నాడు.

ఆయన ఉద్దేశం మంచిదే; అతిథిని నిరాశపరచరాదన్నది మన సీమ మర్యాద. కాని ఆ అతిథి పరిశోధకురాలు. ఇక్కడ విన్నమాట రేపు ఆమె సిద్ధాంత గ్రంథంలోకి ఎక్కుతుంది. దానిని చూచి మరి పదిమంది వ్రాస్తారు. వ్రాతప్రతులలో తప్పులు పుట్టే తీరూ ఇదే కదా! లేఖకుని చేతిలో జారిన ఒక్క అక్షరం తరతరాలుగా పాఠమై కూర్చుంటుంది. ఆ తప్పులను ఏరడానికే బ్రౌను తన జీవితాన్ని వెచ్చించాడు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన ఆయన, తరువాత ఇక్కడ బంగళా కొని, స్వంత ధనంతో పండితులకు జీతాలిచ్చి పోషించాడు. ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పాఠభేదాలు గుర్తింపజేసి, శుద్ధప్రతులు వ్రాయించాడు. జూలూరి అప్పయ్య, అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటివారి శ్రమ అందులో ఉన్నది. వేమన పద్యాలను 1829లో అచ్చువేసి, అంతటితో తృప్తిపడక 1839లో పెంచి మరల వేశాడు. లండనులో కంపెనీవారి గ్రంథాలయంలో పడివున్న దక్షిణాది వ్రాతప్రతులను గుర్తించి, మద్రాసుకు తిరిగి రప్పించినవాడూ ఆయనే. ఏ ప్రతి ఎక్కడున్నదో తెలుసుకోవడానికి అంత పాటుపడినవాని నెలవులో నిలిచి, లేనిది ఉన్నదని చెప్పడానికి నాకు నోరాడలేదు.

పైగా అట్లు చెప్తే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషికీ అన్యాయమే. 2014లో కీర్తిశేషులైన ఆ మహనీయుడు ఇంటింటికీ తిరిగి విరాళాలు అర్థించి ఈ గ్రంథాలయాన్ని నిలబెట్టారు. 2006లో ఇది యోగి వేమన విశ్వవిద్యాలయంలో చేరింది. ఇక్కడి ప్రతులు మన కాలంలో సేకరించినవి. వాటిని బ్రౌను ఖాతాలో వేస్తే, దాచినవారి పేరూ, ఇచ్చినవారి ఊరూ మరుగునపడతాయి.

మ్యూజియంలోనూ ఇదే మాట వర్తిస్తుంది. జమ్మలమడుగు దాపున, పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడులో ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో జైన శిల్పాలు వెలువడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి మద్రాసు మ్యూజియానికి తరలిపోయాయి. మహావీరుని పేరుతో ఉన్న ఈ మ్యూజియంలో శిల్పాలు చూపేటప్పుడు ఆ సంగతీ చెప్పాలి. ఈ నేల ఏమి కన్నదో, కన్నది ఏ ఊరు చేరిందో తెలిపితేనే చూచేవారికి మా జిల్లా పూర్తిగా కనబడుతుంది.

అందుచేత సదస్సులు నడిపే మిత్రులకు ఒక మనవి. ఆ అరగంటను గంట చేయండి. నలభైమందినీ ఒక్కసారి తోలక, పదేసిమందిని పంపండి. ఒక్క తాటియాకు గ్రంథం విప్పించి, ఒక్క పద్యం వారిచేతనే చదివించండి. గొలుసుకట్టు వ్రాతలో పదం విడదీయడానికి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. చివర ఒక చిన్న కాగితం చేతికివ్వండి: ఇక్కడ ఉన్నవి ఇవి, చెన్నైలో చూడవలసినవి ఇవి అని.

ఆ అమ్మాయికి నేను నా నోటుపుస్తకంలో నుంచి ఒక పుట చించి, చెన్నై గ్రంథాలయం పేరు వ్రాసి ఇచ్చాను. మడిచి సంచిలో దాచుకున్నది.