ఇస్తీఫా తర్వాత మొదటి మొహర్రం

గుంటూరు మిర్చి యార్డులో ఏడాదికి నాలుగైదు కొత్త సంవత్సరాలు వస్తాయి. జనవరి ఒకటికి డైరీలు, కేలండర్లు పంచుతారు. ఉగాదికి కొట్టు కడిగి తోరణాలు కడతారు. ఏప్రిల్ ఒకటిన ఆడిటరు కోసం కొత్త పుస్తకం తెరుస్తారు. దీపావళికి మార్వాడీ సేట్లు ఖాతా పుస్తకాలకు పూజ చేయించి, మిఠాయి డబ్బా ఒకటి మాకూ పంపిస్తారు. ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా 1998 నుంచి ఇరవై ఏడేళ్లు ఇవన్నీ చేతులారా రాశాను. తారీఖు మార్చి పైన గీత గీసి, నిరుటి బాకీ కిందికి దించి, మళ్లీ మొదలు. మొహర్రం మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కడా ఉండేది కాదు. ఆషూరా రోజు సెలవు ఉంటుందా ఉండదా అన్నంత వరకే దాని ప్రస్తావన.

ఈసారి నాకున్న కొత్త సంవత్సరం అదొక్కటే. జూన్ 26 గురువారం మగ్రిబ్ తర్వాత చాంద్ కనిపించిందన్న కబురు వచ్చింది. శుక్రవారం నుంచి హిజ్రీ 1447. నేను ఇస్తీఫా ఇచ్చి అప్పటికి ఏడు వారాలు.

ఎందుకు మానేశానో రెండు మాటల్లో చెప్పేస్తాను. ఆయాసం. మిర్చి ఘాటు కొత్తవాళ్లకు తుమ్ములు తెప్పిస్తుంది, పాతవాళ్లకు ఏమీ కాదని అంటారు. ఏమీ కాదన్నది నిజం కాదు, ఆలస్యంగా అవుతుంది. ఈ సీజన్‌లో రెండుసార్లు ఊపిరి అందక కాటా దగ్గరే కూలబడ్డాను. డాక్టరు మందుల చీటీ మీద ‘దుమ్ముకు దూరం’ అని రాశాడు. మా షావుకారు మంచివాడే. లోపల గదిలో కంప్యూటరు ముందు కూర్చోమన్నాడు. కానీ యార్డులో లోపల గది అన్నా బయట అన్నా గాలి ఒకటే. పైగా నిరుడు, ఈ ఏడు ధర పడిపోయింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు మద్దతు ధర ప్రకటించాల్సి వచ్చిన సంవత్సరం ఇది. కమిషన్ అనేది ధర మీద శాతం కదా, ధర తగ్గితే కొట్టూ చిక్కిపోతుంది. ఇద్దరు గుమస్తాల జీతం మోయడం ఆయనకు కష్టమేనని ఆయన చెప్పక ముందే నాకు తెలుసు. ఆ లెక్క రాసింది నేనే కాబట్టి.

మొదట్లో ఏమీ తేడా అనిపించలేదు. యార్డుకు ఏటా మే నెలలో ఎండాకాలం సెలవులు దాదాపు నెల రోజులు ఉంటాయి. ఒంటికి అలవాటే. ఫజర్ నమాజ్ చదివి మళ్లీ పడుకోవడం, మధ్యాహ్నం మామిడిపండు, అసర్ తర్వాత మస్జిద్ మెట్ల మీద కబుర్లు. జూన్‌లో యార్డు తెరిచిన రోజున అసలు సంగతి తెలిసింది. తెల్లవారక ముందే లారీల చప్పుడు వినపడుతుంటే కాళ్లు చెప్పుల కోసం వెతికాయి. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. చాయ్ ఇచ్చింది. ఇంకో సంగతి కూడా ఆ వారమే గమనించాను. ఇరవై ఏడేళ్లుగా నా బట్టలు విడిగా నానబెట్టేది, పిల్లల బట్టల్లో కలిస్తే వాళ్లకు మంట పుడుతుందని. ఇప్పుడు అందరివీ ఒకే బకెట్లో వేస్తోంది.

మొహల్లాలో మాత్రం ఒకటే సవాల్. “అబ్ క్యా కర్‌రే భాయ్?” సలాం చెప్పి, జవాబు వినకుండానే ఆ ప్రశ్న. ఉత్తినే ఉన్నానంటే జాలి పడతారు. ఏదో చూస్తున్నానంటే ఏం చూస్తున్నావో చెప్పమంటారు. ఒకాయన, సర్కారీ ఉద్యోగంలో ఉన్నాయన, నెల నెలా ఒకటో తారీఖున జీతం పడేవాడు, నా భుజం తట్టి “ఫికర్ ఎందుకు, రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్” అన్నాడు. నిజమే, ఇచ్చేవాడు ఆయనే. కానీ ఆ మాట ఖాళీ జేబువాడు తనకు తాను చెప్పుకుంటే తవక్కుల్. నిండు జేబువాడు ఇంకొకడికి చెబితే అది వేరే. ఒంటెను ముందు కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టుకోమన్న హదీస్ కూడా ఉంది కదా.

ఆ శుక్రవారం జుమాలో పేష్ ఇమామ్ సాబ్ హిజ్రీ సాల్ ఎలా మొదలైందో చెప్పారు. ఎన్నిసార్లో విన్న కథే, కానీ ఈసారి గుమస్తా చెవితో విన్నాను. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో ఉత్తరాలు వచ్చేవి. నెల పేరు ఉండేది, సంవత్సరం ఉండేది కాదు. షాబాన్ అని ఉంటే ఏ షాబాన్? పోయినదా, వచ్చేదా? అబూ మూసా అష్‌అరీ (రజి) ఇదే ఫిర్యాదు రాశారట. అంటే మన తారీఖు పుట్టింది దఫ్తర్ కష్టం నుంచి! రసీదు మీద సంవత్సరం లేకపోతే ఎంత గొడవో నాకు తెలిసినంతగా ఆ సఫ్‌లో ఇంకెవరికీ తెలిసి ఉండదు. సహాబాలు మష్వరా చేసి, ఎక్కడి నుంచి లెక్కపెట్టాలా అని ఆలోచించి, మక్కా విడిచి మదీనాకు వెళ్లిన హిజ్రత్ నుంచి లెక్కపెట్టారు. హిజ్రత్ జరిగింది రబీవుల్ అవ్వల్‌లో, కానీ సాల్ మొదలు మొహర్రం నుంచే ఉంచారు. పుట్టుక నుంచి కాకుండా, గెలిచిన రోజు నుంచి కాకుండా, ఇల్లూ వాకిలీ వదిలి బయల్దేరిన ఏడు నుంచి. ఇమామ్ సాబ్ దీన్ని సబ్ర్ గురించి చెప్పారు. నేను ఆ ముహాజిర్లు మదీనా చేరిన మర్నాడు పొద్దున ఏం చేసి ఉంటారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. బజారు ఎక్కడుందని అడిగారు కదా ఒక సహాబీ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). అన్సారీ సోదరుడు సగం ఆస్తి ఇస్తానంటే, బర్కత్ దువా చెప్పి, బజారుకు దారి చూపించమన్నారు.

ఇదే చోట ఒక చిన్న సంగతి. మొహర్రం ఒకటికి ‘నయా సాల్ ముబారక్’ చెప్పాలా వద్దా అని మా వాట్సాప్ గ్రూపులో ప్రతి ఏడూ జగడం. కర్బలా నెలలో ముబారక్ ఏమిటని ఒకరు, దువాకు అడ్డేమిటని ఇంకొకరు. ఈసారి నేను రెండు పక్షాలకూ సలాం పెట్టి ఫోను పక్కన పెట్టాను. ఇంకో తమాషా ఏమిటంటే అదే వారంలో, జూలై ఒకటిన, ఫసలీ 1435 కూడా మొదలైంది. పాత రెవెన్యూ కాగితాలు చూసినవాళ్లకు తెలుస్తుంది, పహాణీలూ శిస్తు లెక్కలూ ఫసలీలోనే ఉండేవి. ఫసల్ అంటే పంట. మొగలుల కాలంలో హిజ్రీ అంకెనే తీసుకుని, పంట కాలానికి కుదరాలని సూర్యుడి లెక్కకు కట్టారు. చాంద్ లెక్కలో ఏడాదికి పదకొండు రోజులు తక్కువ కాబట్టి, ఒకప్పుడు ఒకటిగా ఉన్న ఆ రెండు అంకెలకూ ఇప్పుడు పన్నెండు తేడా. ఆ మాటకొస్తే మా కొట్టు పుస్తకమంతా మన జబాన్‌లోనే ఉండేది. గుమస్తా, జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, హమాలీ, దలాలీ, దినుసు. రైతు అన్న మాటే రయ్యత్. అవి తెలుగు కాదని ఏ రైతూ అనుకోలేదు, ఉర్దూ అని మా షావుకారూ అనుకోలేదు.

అసలు విషయానికి వస్తాను. మానేసేటప్పుడు షావుకారు నాలుగు లక్షలు చేతిలో పెట్టాడు. చిట్టీ పాడగా వచ్చింది మూడు లక్షల ఇరవై వేలు. బ్యాంకులో అంతకు ముందున్నది రెండు లక్షల పది వేలు. మొత్తం తొమ్మిది లక్షల ముప్పై వేలు. నా జిందగీలో ఇంత రొక్కం నా పేరు మీద ఎప్పుడూ లేదు. ఇతరుల పేరు మీద ఇంతకు వంద రెట్లు రాశాను. ఆనందపేటలో రెండు గదుల ఇల్లు సొంతం. అబ్బాయి హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. అమ్మాయి బీ ఫార్మసీ ఆఖరు సంవత్సరం.

ఈ డబ్బు సంగతి తెలియగానే ఒక్కొక్కరికీ ఒక్కో మష్వరా. అబ్బాయి బ్యాంకులో డిపాజిట్ వేయమన్నాడు, సూద్ సంగతి గుర్తు చేస్తే మౌనంగా ఉన్నాడు. బావమరిది కిరాణా కొట్టు పెట్టమన్నాడు. మా భాయీసాబ్, నా పెద్దన్న, “ముందు బేటీ నికాహ్. ఆ తర్వాతే ఏదైనా” అని ఖరాఖండీగా చెప్పాడు. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఇషా తర్వాత దస్తర్‌ఖాన్ మడుస్తూ, “ఏజీ, హజ్‌కి వెళ్దాం” అంది. అంతే. ఆమె అమ్మీ హజ్ నియ్యత్‌తో డబ్బు కూడబెట్టి, పిల్లల షాదీలు ఒక్కొక్కటిగా అవుతుంటే ఒక్కొక్క ఏడు వాయిదా వేసి, చివరికి వెళ్లకుండానే పోయింది. ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు.

నేను హజ్రత్‌ను అడిగాను. ఆయన ఫత్వా ఇచ్చినట్టు చెప్పలేదు, లెక్క అడిగారు. బాకీలు తీరాలి. పోయి వచ్చేదాకా ఇంట్లో వాళ్ల ఖర్చు ఉండాలి. అప్పుడు ఫర్జ్ అయితే, బిడ్డ షాదీ ఇంకా కాలేదన్నది ఆపడానికి ఉజ్ర్ కాదు. “హిసాబ్ మీకు నేర్పాలా, గుమస్తా సాబ్” అని నవ్వారు.

సరే, ఆ రాత్రే రాశాను. ఇద్దరికీ హజ్ కమిటీ ద్వారా ఏడున్నర లక్షలు అనుకున్నాం. మిగిలేది లక్షా ఎనభై వేలు. బావమరిది దగ్గర అబ్బాయి ఫీజుకు తీసుకున్న కర్జె హసనా ముప్పై ఆరు వేలు, అది తీర్చేస్తే లక్షా నలభై నాలుగు వేలు. ఇంటి ఖర్చు నెలకు పద్ధెనిమిది వేలు. అంటే ఎనిమిది నెలలు. ఇక్కడ పెన్ను ఆగింది. అబ్బాయి ఎనిమిది వేలు పంపుతానన్నాడు. మా వీధిలోనే రెండు కొట్లవాళ్లు సాయంత్రం పూట లెక్కలు రాయమంటున్నారు, ఇద్దరూ కలిసి ఆరు వేలు. ఒకటి బట్టల కొట్టు, ఒకటి ఇస్త్రీ పెట్టెలూ కుక్కర్లూ అమ్మేది. దుమ్ము లేదు. అప్పుడు నెలకు తక్కువ పడేది నాలుగు వేలే. లక్షా నలభై నాలుగు వేలను నాలుగు వేలతో భాగించాను. ముప్పై ఆరు నెలలు. రెండోసారి చూసుకున్నాను. ముప్పై ఆరే.

ఆ కాగితంలో బిడ్డ నికాహ్‌కు ఒక పద్దు పెట్టి ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశాను. మర్నాడు అమ్మాయి అది చూసింది. “అబ్బా, జహేజ్ అడిగే ఇంటికి నేను పోను. మస్జిద్‌లో నికాహ్‌కి ఎంతవుతుందో అంత రాయండి, లేకపోతే ఆ పద్దు కొట్టేయండి” అంది. నేను కొట్టేయలేదు. పిల్ల మాట పిల్లది, తండ్రి భయం తండ్రిది. నాలుగు తులాల బంగారం మా ఆవిడ బిడ్డ కోసమని పక్కన పెట్టి ఉంచింది, అదొక్కటే ధైర్యం. భాయీసాబ్ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఫోన్ చేస్తే పొడి పొడిగా మాట్లాడుతున్నాడు. ఆయన తన ముగ్గురు ఆడపిల్లల షాదీలకు పొలం అమ్మినవాడు. ఆయన భయానికి కారణం ఉంది.

తొమ్మిదీ పదీ, శనివారం ఆదివారం, ఆషూరా రోజాలు ఉన్నాం. ఆదివారం మధ్యాహ్నం పల్నాడు నుంచి ఒక రైతు ఫోన్. పదిహేనేళ్లుగా మా కొట్టుకే టిక్కీలు వేసేవాడు. “సాయబు గారూ, పీర్ల పండగ మా ఊళ్లో, మీరు రాలేదేం? కొట్లో అడిగితే మానేశారన్నారు.” అవునన్నాను. కాసేపు ఆగి, “మరి నా పట్టీ ఎవరు రాస్తారు?” అన్నాడు. కొత్త కుర్రాడు ఉన్నాడు, కంప్యూటర్లో చక్కగా వస్తుంది అన్నాను. “కంప్యూటర్లో తాలు ఎంత తీశారో కనపడదండీ” అన్నాడు. ఈ సరుకు ఏసీలో పెట్టమంటారా, అమ్మేయమంటారా అని కూడా అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. ఉద్యోగం పోయినా దానికి ఇస్తీఫా లేదు కాబోలు. ఇఫ్తార్ దాకా అదే గుర్తొచ్చింది.

నిన్న పాస్‌పోర్టులకు దరఖాస్తు నింపాం, మా ఇద్దరికీ ఇదే మొదటిది. అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ అడుగుతుంటే చెబుతున్నాను. పుట్టిన తారీఖు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. ఉద్యోగం దగ్గర ఆగింది. “అబ్బా, ఇక్కడ చాలా ఉన్నాయి. ప్రైవేటు, సొంత పని, రిటైర్డు, ఏమీ లేదు. ఏది పెట్టను?” నేను ఆలోచిస్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ, “సాయంత్రం ఆరు వేలు వస్తున్నాయి కదా, ఏమీ లేదు అని మాత్రం పెట్టొద్దు” అంది.