కూనవరం రేవులో కొత్త అడ్డపలక

ఖమ్మంలో తెల్లవారుజామున ఎక్కిన బస్సు పాల్వంచ దాటేసరికి ఎండ ముదిరింది. బొగ్గు లారీల రద్దీ వెనకబడి, రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలైంది. ఇప్పపూలు రాలే కాలం. చెట్ల కింద నేల శుభ్రంగా ఊడ్చి, ఆడవాళ్లూ పిల్లలూ గంపల్లోకి పూలు ఏరుతున్నారు. సారపాక దాటి వంతెన ఎక్కగానే గోదావరి కనిపించింది. సగం నీళ్లు, సగం ఇసుక. 1965లో ఈ వంతెన వచ్చేదాకా ఇటు నుంచి భద్రాచలం రాముడి దర్శనానికి వెళ్లేవాళ్లంతా పడవెక్కి ఏరు దాటినవాళ్లే. వేసవిలో ఇంత ఒదిగి ఉండే ఏరు 1986 ఆగస్టులో ఇక్కడ 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు!

నా ప్రయాణానికి కారణం ఆ 2022 వరదే. కూనవరంలో నాకు తెలిసిన కుర్రాడొకడు, వాళ్ల బాబాయి అయిన వడ్రంగి మేస్త్రీ కలిసి ఇంటి వెనక పాకలో ఒక మోటారు పడవ కట్టుకుంటున్నారు. పొడవు 20 అడుగులు, వెడల్పు ఐదు. పొలాల్లో పంపుసెట్టుకు వాడే డీజిల్ ఇంజను నడిమధ్య కూర్చునేలా గీసిన గీత అది. వరద రోజుల్లో ఎన్డీఆర్ఎఫ్ వాళ్ల రబ్బరు పడవల్ని చూశాక కుర్రాడి మనసు మారింది. ఇద్దరు మనుషులు ఇంజన్ని పడవ వెనక నుంచి ఊడదీసి భుజాన వేసుకుని గట్టెక్కడం వాడు కళ్లారా చూశాడు. వంద కిలోలకు పైబడిన డీజిల్ ఇంజన్ని వరద వచ్చే రాత్రి ఎవరు మోస్తారు? అలా వెనక తగిలించే ఔట్‌బోర్డు పెడదాం, వచ్చి చూడండి సారూ అని కబురు పెట్టాడు. ఇంజన్లతోనే నా బతుకు గడిచింది కాబట్టి గీతల కాగితాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

భద్రాచలం ఊరు దాటీ దాటకముందే ఎటపాక వచ్చింది, రాష్ట్రం మారింది. ఒకప్పుడు ఇదంతా ఖమ్మం జిల్లానే. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సరిహద్దు మారినా అడవి అదే, సంత అదే, కోయగూడేల్లోని చుట్టరికాలూ అవే. కూనవరంలో బస్సు దిగి నేరుగా రేవుకు నడిచాను. ఒడిశా కొండల్లో కొలాబుగా పుట్టిన శబరి ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉప్పొంగినప్పుడు శబరి నీళ్లకు పోయే దారి లేక వెనక్కి ఎగదన్నుతాయి, ఊళ్లు రెండు వైపుల నుంచీ మునుగుతాయి. ఇక్కడి పడవ వడిగా పారే నీటిలో ఎదురెక్కాలి, నిలిచిన వరదలో ఇళ్ల మధ్య తిరగాలి, వేసవిలో మోకాలి లోతు ఇసుక మేటల మీదా జారాలి.

రేవు చూసి కుర్రాడి ఇంటికి వెళ్లాను. పాకలో పడవ బోర్లించి ఉంది. టేకు పలకలు డిపోలో కొన్నవి. బిల్లు దూలానికి దోపి ఉంచారు. సందుల్లో నూలు కూరి గుగ్గిలం పట్టించారు. పని చూడగానే మేస్త్రీ చేతి మీద గౌరవం కలిగింది. అసలు సమస్య వెనక భాగంలో ఉంది. మన నావ రెండు కొసలూ సన్నగా ఉంటాయి. గెడ వేసి తోయడానికీ, మెల్లగా నడిచే డీజిల్‌కూ ఆ రూపమే సరైనది. ఔట్‌బోర్డు తగిలించడానికి దానికి వెనక గోడే లేదు. ఎలాగో తగిలించినా, ఆ సన్నటి కొస కింద నీరు ఎత్తిపట్టే చోటు తక్కువ. నలభై కిలోల ఇంజను, దాని పక్కనే నడిపేవాడు, రెండు బరువులూ కొసన పడితే వెనక కూరుకుపోయి ముక్కు ఆకాశానికి లేస్తుంది.

"అయితే కొస కోసెయ్యాలి అంటారు," అన్నాడు మేస్త్రీ.

"కోసి, వెడల్పు చేసి, అడ్డపలక నిలబెట్టాలి మేస్త్రిగారూ."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిలు చెవి మీద నుంచి తీసి, పలక మీద తానే గీత గీశాడు.

అడ్డపలక పనే అన్నిటికన్నా పెద్దది. పొట్టి కాలు ఇంజనుకు పడవ అడుగు నుంచి అడ్డపలక పైఅంచు దాకా 15 అంగుళాలు ఉండాలి, పొడుగు కాలు దానికి 20. మా దగ్గరున్నది పొట్టిది. ఇంజను కాలి మీద, పంకాకు కొంచెం పైన ఒక చదును రెక్క ఉంటుంది. అది పడవ అడుగుకు సమంగానో, అంగుళం కిందుగానో నిలవాలి. పైకుంటే పంకా గాలి మింగి ఊరికే గిరగిరా తిరుగుతుంది. మరీ కిందికుంటే ఇసుక గీరుతుంది, వేగమూ పోతుంది. పలక నిట్టనిలువుగా కాక, పైఅంచు వెనక్కి సుమారు 12 డిగ్రీలు వాలాలి. మందం ఒకటిన్నర అంగుళం, రెండు పొరలు, పోగు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. తోసే బలమంతా ఈ పలక మీదే పడుతుంది కాబట్టి దాన్ని అడుగుదూలానికీ పక్క పలకలకూ వంపు కొయ్యలతో కట్టి, జింకు పూత బోల్టులు బిగించాం. పాత గీతలో పంకా ఇరుసు కోసం పెట్టిన రంధ్రాన్ని టేకు బిరడాతో మూసేశాడు మేస్త్రీ. ఇంజనే తిరిగి దారి పడుతుంది కాబట్టి చుక్కాని అక్కర్లేదు. అడుగుదూలం వెనక కొసను మాత్రం ఏటవాలుగా చెక్కాం. అది పంకా ముందు దాకా అలాగే వస్తే నీరు చెదిరి, నురగలో పంకా పట్టు తప్పుతుంది.

అడ్డపలక పొట్టిదైతే ఇంకో ప్రమాదం ఉంది. వేగంగా వెళుతూ ఒక్కసారిగా ఇంజను తగ్గిస్తే, వెనక తరుముకొచ్చే మన అలే పలక దాటి పడవలోకి దూకుతుంది. అందుకే పలకకు లోపలి వైపు అడ్డంగా ఒక గట్టు కట్టి, ఆ నడుమ చేరిన నీళ్లు బయటికి పోయేలా రెండు కన్నాలు పెట్టాం. పెట్రోలు ట్యాంకును ముందుకు జరిపాం. బరువు సర్దుకోవడం ఒక లాభం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున చేరి నిలుస్తుంది కాబట్టి ట్యాంకు గాలి ఆడే చోట ఉండాలన్నది రెండో కారణం. డీజిల్ అలవాటైనవాళ్లకు ఈ భయం తెలియదు. ఇది కుర్రాడికి ఒకటికి రెండుసార్లు చెప్పాను.

పడవను నీళ్లలోకి దింపి, మనుషుల బదులు ఇసుక బస్తాలు వేసి చూశాం. బస్తాల్ని ముందుకీ వెనక్కీ మారుస్తుంటే, మేస్త్రీ గట్టు మీద గొంతుక్కూర్చుని నీటి గీత ఎక్కడ తాకుతోందో బొగ్గుతో గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులు చూసే ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేలింది. అప్పుడే లైఫ్ జాకెట్ల మాట వచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతూ కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీని ఈ తీరం మరిచిపోలేదు. ఎంతమంది ఎక్కాలో మేస్త్రీ పక్క పలక మీద రంగుతో రాశాడు.

మరుసటి పొద్దున దిగువకు, పోచవరం వైపు బయల్దేరాం. సంగమం దాటగానే రెండు నదుల నీళ్లు కలిసే చోట పడవ ఒక్క ఊపు ఊగి నిలదొక్కుకుంది. ఇంజను పక్క నుంచి సన్నటి నీటి ధార పడుతోంది. నేను ఏటిని చూసినంతసేపూ ఆ ధారనూ చూస్తూనే ఉన్నాను. అది ఆగిందంటే చల్లబరిచే నీళ్లు అందడం లేదన్నమాట. గోదావరి ఇసుక ఆ నీళ్లు తోడే లోపలి రబ్బరు చక్రాన్ని అరగదీస్తుంది, ఈ ఏట్లో దాన్ని తరచూ మార్చాలి. శ్రీరామగిరి దగ్గర నీరు పలచబడింది. ముందు కూర్చున్న మేస్త్రీ గెడ దించి లోతు చూస్తూ "మేట, మేట!" అని అరిచాడు. కుర్రాడు ఇంజను కాలు సగం లేపి, నెమ్మదిగా ఇసుక మీదుగా జార్చాడు. నడిమధ్య ఇరుసున్న పాత గీతతో కట్టి ఉంటే అక్కడే దిగి తోసుకోవాల్సి వచ్చేది. పోచవరం చేరేసరికి రెండు గట్లా కొండలు దగ్గరికి వచ్చాయి, పాపికొండలకు వెళ్లే లాంచీలు వరసగా కట్టి ఉన్నాయి. ఒక సరంగు వచ్చి మా అడ్డపలకను తట్టి చూసి, కొలతలు అడిగాడు. మేస్త్రీ నోటిలెక్కగా అన్నీ చెప్పాడు.

ఓలే ఎవిన్‌రూడ్ అమెరికాలో ఔట్‌బోర్డుల వ్యాపారం మొదలుపెట్టింది 1909లో. అప్పటి నుంచీ ఏ దేశపు ఏటికి ఆ దేశపు వడ్రంగి దానికి తగ్గ పడవ కట్టుకుంటూనే వచ్చాడు. ఇంజను కొట్లో దొరుకుతుంది. పడవను మాత్రం ఏరు తెలిసినవాళ్లే కట్టాలి. పోలవరంలో 150 అడుగుల మట్టం దాకా నీళ్లు నిలిపితే కూనవరం రేవు ఉండదు, ఈ మనుషులు పునరావాస కాలనీలకు వెళతారు. ఇళ్లకూ పొలాలకూ లెక్క కట్టినట్టే ఈ చేతి పనికీ లెక్క కట్టాలి. జలాశయంలో నీరుంటుంది, నీటి మీద తిరిగే పని ఉంటుంది, మేస్త్రీ లాంటివాళ్లు నేర్పడానికి ఉన్నారు. ఐటీఐల్లో మోటారు మెకానిక్ పనితో పాటు పడవ కట్టే పనీ నేర్పించాలి. మా కొలతలన్నీ తెలుగులో శుభ్రంగా రాసి, ఒక ప్రతి మేస్త్రీ పాకలో ఉంచి వచ్చాను. అడిగినవాళ్లకల్లా ఇమ్మని చెప్పాను.