మన ముఖాలకు తగిన కెమెరా

ఆదివాసుల ఫొటోలు చాలా ఉన్నాయి. ఆదివాసులు తీసిన ఫొటోలే తక్కువ. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త నిజాం రాజ్యంలోని చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య తిరిగి ఫొటోలు తీశాడు. అవి ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన తీయకపోతే ఆ ముఖాలు ఎవరికీ దక్కేవి కావు. ఆ మేలు మరిచిపోలేం. కానీ మన ముత్తవ్వ ముఖం కోసం మనం లండన్ వైపు చూడాల్సి రావడం బాధే.

మేము ముగ్గురం లంబాడీ టీచర్లం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండా బడుల్లో తలా ఒకచోట పనిచేస్తున్నాం. ఫేట్యా, కాంచళి, టుక్రి కట్టి, చేతినిండా బలియాలు తొడుక్కునే తరం మా తండాల్లో ఇక కొద్దిమందే మిగిలారు. కోడళ్లు చీరల్లోకి, మనవరాళ్లు పంజాబీ డ్రెస్సుల్లోకి మారారు. మారడం తప్పు కాదు. గుర్తు లేకుండా పోవడమే తప్పు. అందుకే తలా కొంత వేసుకుని ముగ్గురికీ కలిపి ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొందామనుకున్నాం. ఏది కొనాలో తేలడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

"ఫోన్ ఉంది కదా సార్, కెమెరా ఎందుకు?" అని మా పిల్లలే అడిగారు. పగటి వెలుతురులో ఫోన్ చక్కగానే తీస్తుంది. చిక్కు ఇంకోచోట ఉంది. చాలా ఫోన్లలో ముఖాన్ని అందంగా చేసే ఏర్పాటు ఉంటుంది. అది అవ్వల ముఖం మీది ముడతలను చెరిపేస్తుంది, నల్లని ఒంటిని తెల్లబరుస్తుంది, పచ్చబొట్టును మసకబారుస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. ఫిల్ముల కాలంలో కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే ఫొటో సరిగ్గా వచ్చినట్టు లెక్క. మన రంగు ఆ లెక్కలోనే లేదు. ఈ రంగు మన చేతిలో ఉండాలంటే వెలుగును మనమే దిద్దుకోగల కెమెరా కావాలి.

పాత డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనుక ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగును అది పైకి మళ్లించి మన కంటికి చూపిస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం తీసేశారు. అందుకే కెమెరా పలుచగా, తేలికగా ఉంటుంది. 2008లో పానాసోనిక్ జీ1తో ఈ బాట మొదలైంది. ఇందులో ఫొటో ఎంత వెలుగుతో రాబోతోందో నొక్కకముందే తెర మీద కనిపిస్తుంది. నేర్చుకునే పిల్లలకు అది పలక లాంటిది, తప్పు పోతే అక్కడే దిద్దుకోవచ్చు.

మేము మూడు రకాలు చూశాం: ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 3, ఫూజీ ఎక్స్-టీ30, సోనీ ఏ6400. ఒట్టి కెమెరాల బరువు అటూఇటూగా నాలుగు వందల గ్రాములే. తేడా లెన్సుల దగ్గర వస్తుంది. ఒలింపస్ 25 ఎం.ఎం. లెన్స్ 137 గ్రాములు, ఫూజీ 35 ఎం.ఎం. ఎఫ్/2 లెన్స్ 170 గ్రాములు, సోనీకి పట్టే సిగ్మా 30 ఎం.ఎం. లెన్స్ 265 గ్రాములు. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. ఎంత దూరానికి ఎంత బరువు వేయాలో వాళ్లకు తెలుసు. మాదీ అదే లెక్క. టిఫిన్ గిన్నె, పుస్తకాలు ఉన్న సంచిలో పట్టాలి, బస్సులో నిలబడి వెళ్లినా భుజం నొప్పి పుట్టకూడదు. ఈ పరీక్షలో ఒలింపస్‌దే గెలుపు.

మూడింటినీ రెండు రోజులకు కిరాయికి తెచ్చి చూశాం. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో కాకతీయుల నాటి గుడి లోపలి చీకట్లో ఒలింపస్ మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. చేతి వణుకును లోపలి సెన్సరే సర్దుకుంటుంది కాబట్టి, నెమ్మదైన షట్టర్‌తో తీసినా స్తంభాల మీది చెక్కడాలు స్పష్టంగా వచ్చాయి. అదే రాత్రి తండాలో తీజ్ జరుగుతోంది. ఒక్క బల్బు వెలుతురులో పెళ్లికాని ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడుతున్నారు. ఒలింపస్‌లో బుట్టలు స్పష్టంగా వచ్చాయి, పిల్లలు మాత్రం పొగలా చెదిరిపోయారు. అసలు సంగతి అప్పుడు అర్థమైంది. ఆ ఏర్పాటు మన చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికను ఆపదు. స్తంభం కదలదు, మనిషి కదులుతాడు.

కదిలే మనిషికి వేగమైన షట్టర్ కావాలి. అప్పుడు ఆ కొద్ది సమయంలోనే ఎక్కువ వెలుగు లోపలికి రావాలి. కెమెరాలో దానికి రెండు దారులు: పెద్ద సెన్సర్, పెద్ద కన్నున్న లెన్స్. ఒలింపస్ సెన్సర్ 17.3×13 మిల్లీమీటర్లు. ఫూజీ, సోనీలవి 23.5×15.6, అంటే విస్తీర్ణంలో ఒకటిన్నర రెట్లకు పైనే. కెమెరాతో వచ్చే జూమ్ లెన్స్‌ను పూర్తిగా సాగదీస్తే ఎఫ్/5.6కు చేరుతుంది. ఎఫ్/1.4 లెన్స్ దానికి 16 రెట్ల వెలుగును లోపలికి రానిస్తుంది. అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఒకటే: కొత్త కెమెరాకు, మంచి లెన్స్‌కు డబ్బు రెండింటికీ చాలకపోతే కెమెరా పాతది తీసుకోండి, లెన్స్ మంచిది తీసుకోండి.

ఇంకొక సంగతి. కెమెరా కొనడం ఒంటి ఎద్దును కొనడం కాదు, జత కట్టడం. ఒక కంపెనీ లెన్స్ ఇంకో కంపెనీ కెమెరాకు చాలాసార్లు నేరుగా పట్టదు. నికాన్ 1 వరుస 2011లో వచ్చి 2018లో ఆగిపోయింది. కానన్ 2012లో తెచ్చిన ఎం వరుసా ఆగిపోయింది, దాని లెన్సులు కానన్ వారి కొత్త ఆర్ వరుసకు పట్టవు. ఒలింపస్ కెమెరాల వ్యాపారం 2021లో వేరే కంపెనీ చేతికి వెళ్లింది. కాబట్టి మన చుట్టూ ఎవరి దగ్గర ఏది ఉందో చూసుకోవాలి. ఫూజీ రంగులు మాకు బాగా నచ్చాయి, కంప్యూటర్‌లో దిద్దే పని తక్కువ. కానీ మా మూడు ఊళ్లలో పెళ్లిళ్లు తీసే కుర్రాళ్ల చేతుల్లో మేము ఎక్కువగా చూసింది సోనీయే. బ్యాటరీ అయిపోతే అడిగి తెచ్చుకోవచ్చు, లెన్స్ బదులు తీసుకోవచ్చు, తెలియనిది అడగొచ్చు. చివరికి వాడిన సోనీ ఏ6400, దానికి సిగ్మా 30 ఎం.ఎం. ఎఫ్/1.4 లెన్స్ తీసుకున్నాం. రెండూ కలిపి ఏడు వందల గ్రాముల లోపే.

ఇందులో చప్పుడు లేని షట్టర్ ఉంది. పెళ్లికూతురు ఢావ్లో పాడుతూ ఏడ్చేటప్పుడు దాని విలువ తెలిసింది. ఎల్ఈడీ దీపాల కింద మాత్రం దానితో ఫొటో మీద చారలు పడొచ్చు, అప్పుడు మామూలు షట్టర్‌కు మారాలి. కాంచళి అద్దాలతో ఇంకో తంటా. మిట్టమధ్యాహ్నం అద్దాలు మెరిస్తే కెమెరా వెలుగు ఎక్కువైందని మోసపోయి ముఖాన్ని నల్లగా ముంచేస్తుంది. చీకటి గదిలో దీనికి ఎదురు, ముఖాన్ని పాలిపోయినట్టు చేస్తుంది. అవ్వను వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి, ముఖం అసలు రంగులో కనిపించేదాకా వెలుగు చక్రం తిప్పమని పిల్లలకు నేర్పుతున్నాం.

మా బడుల్లో పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. అడగకుండా ఫొటో తీయవద్దు. తీశాక తెర మీద చూపాలి, వద్దంటే అక్కడే చెరిపేయాలి. ప్రింటు మొదట వాళ్ల ఇంటికే చేరాలి. వెనుక పేరు, తండా, తేదీ రాయాలి. ఒంటి మీది ప్రతి నగకూ గోర్ బోలిలో ఏమంటారో అవ్వనే అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకోవాలి. ప్రతి ఫొటో రెండు చోట్ల దాచాలి.

కెమెరా నెలకొక బడి చొప్పున తిరుగుతోంది. ఈ నెల కోదాడ వంతు. మీ తండాలోనూ ముగ్గురు కలిస్తే ఈ పని మొదలవుతుంది. ముందు ఇంట్లో ముసలివాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టుకోండి, కెమెరా సంగతి ఆ తర్వాత చూడొచ్చు.