తల తెగిన పాట

మా వీధిలో ఉండే ఒకాయన తండ్రి బుర్రకథ చెప్పేవాడు. ఆ పెద్దాయన పోయి రెండేళ్లయింది. ఆయన చివరిసారి చెప్పిన కథను ఇంట్లో పిల్లవాడొకడు ఫోనులో రికార్డు చేశాడట. ఈ మధ్య ఆయన దాన్ని నా దగ్గరకు తెచ్చి, "నాన్న మాట బాగానే ఉంది గాని, వంతలు డక్కీలు వాయించి 'తందాన తాన' అనేసరికి బరబరమంటుంది. బాగుచేసి పెడతావా, బాబూ?" అన్నాడు.

కంప్యూటరులో ఆ ధ్వని బొమ్మ చూశాను. ధ్వని అల గదా, అలకు గుండ్రని శిఖరం ఉండాలి. ఇక్కడ శిఖరాలన్నీ కత్తెరతో కోసినట్టు చదునుగా ఉన్నాయి!

ఇది ఎట్లా జరుగుతుందంటే, యంత్రం అల ఎత్తును కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సి.డి.లకు వాడే పద్ధతిలో సెకనుకు 44,100 కొలతలు. ఏ అంకే 32,767 దాటరాదు. అల 40,000 ఎత్తు లేచినా యంత్రం 32,767 అనే రాస్తుంది. నిండిన మానికలో ఇంకా బియ్యం పోస్తే నేల పాలవుతాయి చూడండి, అట్లాగే పై భాగమంతా పోతుంది. గుండ్రని అల చదునయ్యేసరికి అసలు పాటలో లేని ధ్వనులు పుడతాయి. ఆ బరబర అదే. తరవాత ధ్వని తగ్గించి విన్నా అది పోదు. అల చిన్నదవుతుందే గాని, తెగిన తల మళ్లీ మొలవదు గదా!

తెగిన చోటుకు అటూ ఇటూ ఉన్న వంపులు చూసి, మధ్యభాగాన్ని ఊహించి గీసే ప్రోగ్రాములున్నాయి. తెగినవి నాలుగైదు కొలతలైతే ఊహ బాగా కుదురుతుంది. వరసగా వందలకొద్దీ తెగితే అది వట్టి కట్టుకథే. పెద్దాయన మాట తేటపడింది. డక్కీ దెబ్బలు కొంత నయమయ్యాయి. ముగ్గురూ కలిసి గొంతెత్తిన చోట మాత్రం ఎంత గీసినా అసలు గొంతు రాలేదు. ఆ కొడుకు ఆ చోటనే మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాడు.

మీ ఇంట్లో తాతలో అమ్మమ్మలో పాడుతూ ఉంటే, రికార్డు చేసేముందు అన్నిటికన్నా గట్టిగా పాడే చోటు ఒకసారి పాడమనండి. మెల్లగా ఎత్తుకునే చోటు చూసి మీట తిప్పితే మోసపోతారు. మీటరులో సున్నా డెసిబెళ్లు ఆఖరి గీత. ఎంత గట్టి ధ్వని అయినా దానికి 10, 12 డెసిబెళ్ల కిందనే ఆగాలి. ధ్వని తక్కువైతే తరవాత పెంచుకోవచ్చు. వెనక బుసబుస కాస్త పెరుగుతుంది, అంతే. ఫోనులో అట్లాంటి మీట కనిపించకపోతే, ఫోనునే డక్కీకి దూరంగా జరపండి. మైకులోనే తెగిన ధ్వనిని ఆ తరవాత ఏ మీటా అతకలేదు.

గొంతునూ డక్కీనీ విడివిడిగా రికార్డు చేసి కలిపేటప్పుడు కూడా ఈ చిక్కు ఉంది. విడిగా రెండూ గీత లోపలే ఉంటాయి. సమానమైన రెండు శిఖరాలు ఒక్కసారి కలిశాయా, ఎత్తు రెట్టింపవుతుంది. అంటే 6 డెసిబెళ్లు పెరుగుతుంది. డక్కీ వినబడటం లేదని డక్కీని పెంచుతారు చాలామంది. ఆపైన గొంతు వినబడటం లేదని గొంతును పెంచుతారు! అట్లా కాక, గొంతును కాస్త తగ్గించి చూడండి. డక్కీ దానంతట అదే వినిపిస్తుంది.