చీరకు తగిన పిల్లా, పిల్లకు తగిన చీరా?

పెళ్ళి కుదిరిందన్న మాట చెవినబడగానే ఇంట్లో మగవాళ్ళు కల్యాణమండపం గురించీ, వంటవాళ్ళ గురించీ ఆలోచిస్తారు. ఆడవాళ్ళు చీరల గురించి ఆలోచిస్తారు. ఈ రెండింటిలో ఏది పెద్ద పని అని మీరడిగితే, రెండోదే అని తడుముకోకుండా చెబుతాను. మండపం దొరక్కపోతే ముహూర్తం మార్చుకోవచ్చు. పెళ్ళిచీర బాగా లేకపోతే చేసేదేముంది? ఆ ఫోటోలు మనుమలూ, మునిమనుమలూ కూడా చూస్తారయ్యె!

మా కాలంలో ఇంత అవస్థ లేదు. నా పెళ్ళికి మా నాన్నగారు మూడు పట్టుచీరలు తెచ్చి మంచం మీద పెట్టారు. నేను కట్టుకున్నాను. నచ్చాయా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడలా కుదరదు. నిశ్చితార్థానికి ఒకటి, హల్దీకి పసుప్పచ్చది ఒకటి, మెహందీకి ఆకుపచ్చది ఒకటి, సంగీత్‌కు లెహంగా, పెళ్ళికి కంచిపట్టు, రిసెప్షన్‌కు ఇంకొకటి. నాటకాల కంపెనీ వాళ్ళకు కూడా ఇన్ని వేషాలుండవు. దానికి తోడు రవికల మీద మగ్గం పని. చీర ఖరీదు కన్న రవిక ఖరీదు ఎక్కువైన రోజులివి. గుర్రం ధర కన్న జీను ధర ఎక్కువంటే మా అమ్మమ్మ నమ్మేదా?

మేముండేది హయత్‌నగరులో. కిందటేడు మా తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్ల చదువుకున్నది, ఉద్యోగం చేస్తున్నది, తన జీతంలోంచే చీరలు కొనుక్కుంటానన్నది. మా మరదలు, నేను, పిల్ల ముగ్గురం బయలుదేరాం. మాకు ఎల్.బి.నగర్ దగ్గర, దిల్‌సుఖ్‌నగర్ ఇంకొంచెం ముందుకు. ఆ రెండు చోట్లా మేమెక్కని దుకాణం మెట్లు లేవు. ఎక్కిన ప్రతిచోటా చల్లని మజ్జిగో, వేడి టీయో ఇచ్చి కూర్చోబెట్టారు. చీరలు గుట్టలు గుట్టలుగా పరిచారు.

రెండోరోజు సాయంత్రానికి నాకొక సంగతి తట్టింది. ఈ పిల్లకు చిన్నప్పటినుంచీ ముదురురంగులంటే ప్రాణం. దానిమ్మగింజ రంగు, నేరేడుపండు రంగు, నెమలికంఠం రంగు కనబడితే వదిలేది కాదు. అలాటిది, దుకాణంవాడు ఆ రంగులు తీస్తుంటే చేత్తో పక్కకు నెట్టేస్తున్నది. లేత పిస్తా, లేత గులాబీ, మీగడ రంగు... ఇవే కావాలంటున్నది. చీర ఒంటిమీద వేసుకుని అద్దంలో చూసుకున్నప్పుడల్లా చీరను చూడటం లేదు, తన మొహాన్ని చూసుకుంటున్నది. పెళ్ళికూతురి కళ్ళలో ఉండవలసిన వెలుగు అక్కడ లేదు.

చివరకు వాళ్ళమ్మ ఒక లేత పిస్తాచీర ఖాయం చేసింది. "ఇది కడితే కొంచెం తెల్లగ కనపడ్తవ్ బిడ్డా" అన్నది. పిల్ల తల ఊపింది.

అప్పుడు నాకు అసలు సంగతి బోధపడింది. పెళ్ళిచూపులనాడు వరుని పెద్దమ్మగారు కాఫీ తాగుతూ, "పిల్ల కళగా ఉంది. కొంచెం రంగు తక్కువ, అంతే" అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. అన్నంలో ఉప్పు తక్కువైందన్నట్టు అన్నారు, మరిచిపోయారు. మరిచిపోనిది మా పిల్ల. అన్నట్టు, వరుడూ చామనచాయే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మగపిల్లవాడికి జీతం ఎంతో అడుగుతారు గాని, చాయ ఎంతో అడగరు గదా!

మరో వారానికి పిల్ల బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. చన్నీళ్ళు తగిలినా మంట, ఎండ తగిలినా మంట. గుచ్చిగుచ్చి అడిగితే సొరుగులోంచి చిన్న డబ్బా తీసింది. పేరూ ఊరూ సరిగా లేని క్రీము. ఎవరో స్నేహితురాలు చెప్పిందట, నెల రోజుల్లో రెండు చాయలు తేలుతుందని. మొదటి పదిరోజులూ నిజంగానే మొహం నున్నగా, తెల్లగా అయిందట. ఆపైన మొదలైంది ఈ మంట. దానితోబాటు రాత్రి భోజనం కూడా మానేసింది, సన్నబడటానికి.

చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆవిడ డబ్బా వాసన చూసి, పిల్ల బుగ్గ చూసి, "ఇలాంటివి వారానికి నలుగురొస్తారు. అందులో ముప్పాతిక మంది పెళ్ళికూతుళ్ళే" అన్నారు. ఆవిడ చెప్పినది మీకూ పనికివస్తుందని రాస్తున్నాను. తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టీరాయిడ్ మందు కలుపుతారు. అది వైద్యుడు చీటీ రాసిస్తే, కొద్దిరోజులు, ఏదైనా చర్మవ్యాధికి వాడవలసిన మందు. మొహానికి రోజూ రాస్తే మొదట నునుపుగా కనబడుతుంది. తరువాత చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి. మానేస్తే మంట ఇంకా ఎక్కువవుతుంది. ఆ మంటకు భయపడి మళ్ళీ రాస్తారు. అదే దాని ఉచ్చు.

కొన్నిటిలో పాదరసం కూడా ఉంటుందట. అది చర్మంతో ఆగదు, లోపలికి పోయి మూత్రపిండాలను పట్టుకుంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరిని వైద్యులు ఆరాతీస్తే, వాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి క్రీములు రాసుకున్నవాళ్ళేనని తేలింది.

"చర్మానికి రంగునిచ్చే పదార్థం పేరు మెలనిన్. ఎండనుంచి కాపాడటానికి ప్రకృతి ఇచ్చిన గొడుగది. మండువేసవిలో పెళ్ళిపెట్టుకుని గొడుగెందుకమ్మా చించుకుంటున్నావు?" అన్నారావిడ. పిల్ల నవ్వింది. చాలారోజుల తరువాత నవ్వింది.

పెళ్ళికి ఇంకా ఏడు వారాలున్నది. వైద్యురాలు చేయమన్నవి కొన్నే: వేళకు అన్నం, వేళకు నిద్ర, ఎండలోకి పోతే గొడుగు, ఆవిడ రాసిచ్చిన లేపనం. కొత్త వస్తువేదీ పెళ్ళికి ముందు మొహానికి తగలనివ్వవద్దన్నారు. నలుగు సంగతి అడిగాను. మంట పూర్తిగా తగ్గేదాకా అదీ వద్దు, తగ్గాక మెత్తని సున్నిపిండితో తేలికగా పెట్టుకోవచ్చునన్నారు. గోరింటాకుకు అభ్యంతరం లేదు. ఒకటి రెండు రోజుల ముందు పెట్టుకుంటే పెళ్ళినాటికి బాగా పండుతుంది. తొందరగా నల్లగా పండుతుందని అమ్మే 'నల్ల మెహందీ' జోలికి మాత్రం పోవద్దన్నారు. అందులో జుట్టుకు వేసే రంగు కలుస్తుంది, చేతులు బొబ్బలెక్కుతాయి.

మొహం సంగతి ఇలా కుదుటబడుతున్నది. చీర సంగతి మిగిలింది. పిస్తాచీర బీరువాలో ఉన్నది గాని, నా మనస్సుకు ఎక్కలేదు. ఒక ఆదివారం పొద్దున్న, "పోచంపల్లి పోయొద్దాం పదండి, చూసొస్తే పోయేదేముంది?" అన్నాను. మా ఇంటి ముందునుంచి పోయే విజయవాడ రహదారి మీద కొంతదూరం వెళ్ళి ఎడమచేతికి తిరిగితే పోచంపల్లి. ఇంత దగ్గర పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ అంతా తిరగడం, చెరువు పక్కన ఉండి కొళాయికి వరుసలో నిలబడ్డట్టు ఉన్నది.

పోచంపల్లి పేరు తెలియనివారుండరు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు అక్కడికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం పుట్టింది ఆ ఊళ్ళోనే. చీరలకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంచిన ఉత్తమ గ్రామాల్లో అదీ ఒకటి.

మేమొక నేతవారి ఇంటికి వెళ్ళాం. అక్కడ చూశాక గాని తెలియలేదు, చీర అంటే ఏమిటో. మామూలుగా బట్ట నేసి రంగు వేస్తారు, లేకపోతే ఒకేరంగు దారంతో నేస్తారు. ఇక్కడ అలా కాదు. బట్ట పుట్టకముందే దారంమీద బొమ్మ పుడుతుంది. దారాన్ని ఆసుమీద పోసి, లెక్కప్రకారం అక్కడక్కడా రబ్బరుపట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టినచోట రంగు అంటదు. విప్పి, మళ్ళీ మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. అలా రంగులద్దిన దారాన్ని మగ్గంమీద నేస్తుంటే పువ్వు పువ్వుగా, చిలుక చిలుకగా తేలుతుంది. అందుకే అసలైన పోచంపల్లి చీరలో బొమ్మ అంచులు గీతగీసినట్టుండవు, కాస్త అలికినట్టుంటాయి. రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది. తిరగేసి చూస్తే వెలిసిపోయి ఉన్నదంటే అది అచ్చువేసిన బట్ట అని తెలుసుకోండి.

ఈ ఆసు పోయడం ఒకప్పుడు ఇంటి ఆడవాళ్ళ పని. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిదివేలసార్లు ఇటునుంచి అటు ఆడాలి. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశంగారు, తన తల్లి లక్ష్మిగారు పడే బాధ చూడలేక, ఏళ్ళతరబడి కుస్తీపట్టి 1999లో ఆసుయంత్రం తయారుచేశారు. దానికి తల్లిపేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మేము వెళ్ళిన ఇంట్లోనూ యంత్రమే ఆడుతున్నది. ముసలావిడ మాత్రం తన కుడిభుజం చూపించి, "ఇది పాతకాలపుది" అని నవ్వింది.

ఆవిడే మా పిల్లకు చీరలు తీసి చూపించింది. మా మరదలు అలవాటు ప్రకారం, "పిల్ల జర చామనచాయ. తెల్లగ కనపడే రంగు చూపియ్యి పెద్దమ్మా" అన్నది. ముసలావిడ పిల్ల వంక ఒక నిమిషం చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి దానిమ్మగింజ రంగు చీర తెచ్చింది. నల్లటి అంచు, మధ్య మీగడరంగు చుక్కలు. దుకాణాల్లో అయితే దీపాలకింద చూపిస్తారు. ఈవిడ పిల్ల చెయ్యి పట్టుకుని వాకిట్లో ఎండలోకి తీసుకుపోయి, ఆ చీర భుజంమీద వేసింది.

"మేము రంగు దారానికేస్తం గని మనిషికేస్తమా బిడ్డా? మనిషికి దేవుడేసిన రంగు పోదు, పోనియ్యొద్దు" అన్నది.

ఆ ఎండలో పిల్ల మొహం ఎలా వెలిగిందో నేను రాయలేను. అద్దం కావాలని కూడా అడగలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? వాళ్ళమ్మ వైపు చూసి, "అమ్మా, ఇదే" అన్నది. మా మరదలు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నది.

దారిలో మాత్రం ఊరుకోలేదు. "నీకేం వదినా, రేపు వాళ్ళ చుట్టాలు అనే మాటలు పడేది నా బిడ్డ" అన్నది కళ్ళు తుడుచుకుంటూ. కన్నతల్లి భయమది, నవ్వదగింది కాదు. ఆవిడ పెళ్ళినాడు ఆవిడను ఎవరు ఏమన్నారో నాకు తెలుసు. ముప్పయ్యేళ్ళయినా ఆ మాట అరగలేదు. అందుకే నేను వాదించలేదు. "మన ఊరికి పేరు ఎట్లా వచ్చింది?" అని అడిగాను. హయత్ బక్షీ బేగం ఒక గోల్కొండ సుల్తానుకు కూతురు, ఒక సుల్తానుకు భార్య, ఒక సుల్తానుకు తల్లి. ఆమె పేరుతోనే మా ఊరున్నది, ఆమె పేరుతోనే మసీదున్నది. మూడున్నర శతాబ్దాలు గడిచాయి. ఆమె తెలుపో నలుపో అడిగినవాళ్ళను నేను చూడలేదు. మా మరదలు జవాబు చెప్పలేదు గాని, ఇల్లు చేరేసరికి ఆ చీరకు ఏ రంగు రవిక బాగుంటుందని అడిగింది.

వైశాఖంలో పెళ్ళయింది. ఇంకొక వింత చూడండి. ఇన్ని దుకాణాలు తిరిగి, ఇన్నివేలు పోసి కొన్న చీరల్లో ఏదీ మంగళసూత్రం కట్టే వేళకు ఒంటిమీద లేదు. ఆ వేళకు మా ఇళ్ళలో కట్టేవి మధుపర్కాలు. తెల్లని నూలుబట్ట, ఎర్రని అంచు. లక్షాధికారి కూతురైనా అదే, మా పిల్లయినా అదే. కాళ్ళకు పారాణి, నుదుట బాసికం, బుగ్గన నల్లటి చుక్క. దిష్టి తగలకుండా పెళ్ళికూతుర్ని కాపాడేది నలుపే అని నమ్మి చుక్క పెట్టేదీ మనమే, పిల్ల నలుపని ఏడ్చేదీ మనమే!

అప్పగింతలవేళకు దానిమ్మరంగు చీర కట్టుకున్నది. బుగ్గమీద ఎరుపు దాదాపు పోయింది, వెతికితే కొంచెం కనబడుతుంది. వరుని పెద్దమ్మగారు దగ్గరకు వచ్చి అంచు పట్టుకుని చూసి, "ఎక్కడ కొన్నారు? మా అమ్మాయికీ కావాలి" అన్నారు. మా మరదలు పొంగిపోయి మగ్గంనుంచి మొదలుపెట్టి ఆసుదాకా చెప్పింది, అన్నీ తనే కనిపెట్టినట్టు.

పదిరోజుల తరువాత ఫోటోలబ్బాయి ఇంటికి వచ్చి, "ఆల్బంలో కొంచెం కలర్ తెల్లగా చేస్తాను మేడం, అందరూ చేయించుకుంటారు" అన్నాడు. పిల్ల చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. "వద్దండీ. రేపు నా కూతురు చూసి ఈ పెళ్ళి ఎవరిదని అడిగితే నేనేం చెప్పను?" అన్నది. ఏ సంకోచమూ లేకుండా అన్నది.

ఇంతకూ ఆ లేత పిస్తాచీర ఏమైందని అడుగుతారు కాబోలు. అది నా వాటాకు వచ్చింది. మొన్న ఒక సత్యనారాయణవ్రతానికి కట్టుకుని వెళితే నలుగురూ బాగున్నదన్నారు. తెల్లగా కనబడ్డానో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. అరవయ్యేళ్ళు దాటాక ఆడదాని రంగుతో ఎవరికీ పని ఉండదు. ఆ హాయి ఏదో ఇరవయ్యోయేటే ఆడపిల్లలకు దక్కితే ఎంత బాగుండును!