అమ్మ ఒప్పజెప్పిన లెక్క

ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు దుఃఖం ఆరకముందే ఒక ప్రశ్న లేస్తుంది. ఆయన ఆస్తి ఇక ఎవరి చేతిలో ఉండాలి? మన పల్లెల్లో దీనికి సిద్ధంగా ఉండే జవాబు ఒక్కటే: "పెద్దకొడుకు ఉన్నాడుగా!" ఆ జవాబుతో ఎన్నో కుటుంబాల్లో తల్లి ఒక మూలకు చేరింది, ఆడపిల్లలు పుట్టింటి గడప తొక్కడం మానేశారు. మా ఇంట్లో అలా జరగలేదు. ఎందుకు జరగలేదో ప్రియ పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము నలుగురం. ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్ళం. మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి రిటైరై, 2004 జూలైలో ప్రభువునందు నిద్రించారు. వీలునామా రాయలేదు. ఆయన విడిచి వెళ్ళినవి ఒక చిన్న పెంకుటిల్లు, 2 ఎకరాల 40 సెంట్ల మెట్ట భూమి, బ్యాంకులో కొంత డిపాజిట్టు. ఆ డిపాజిట్టుకు నామినీ పేరు లేదు. వీటితోపాటు కొన్ని బాకీలు కూడా మిగిలాయి.

జ్ఞాపకార్థ కూటం ముగిసి భోజనాలు కాగానే మా పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. పొలం పెద్దవాడి పేరున మార్పించాలన్నారు. ఆడపిల్లల సంగతి ఎవరో ఎత్తితే, "వాళ్ళకు పెళ్ళిళ్ళప్పుడే ముట్టింది కదా" అన్నారు. అదే సమయానికి ప్రోనోటు చేతబట్టుకొని ఒకాయన వచ్చాడు. డబ్బు వద్దు, బాకీ కింద రోడ్డు పక్కన ఎకరం రాసిస్తే చాలునన్నాడు. అమ్మ తలుపు వెనక నుండి అంతా విన్నది. మరునాడు మా నలుగురినీ కూర్చోబెట్టి, "ఆయన సొమ్ము లెక్క తేలేదాకా ఎవరి పేరునా ఏమీ రాయవద్దు. తెలిసినవారిని అడుగుదాం" అన్నది.

జిల్లా కోర్టులో ప్లీడరీ చేసే ఒక పెద్దాయన మాకు విషయం విప్పి చెప్పారు. మన క్రైస్తవ కుటుంబాలకు వారసత్వం విషయంలో వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. చనిపోయినవారు వీలునామా రాసి, దానిని అమలు జరిపే మనిషిని అందులో నియమిస్తే ఆ మనిషిని ఎగ్జిక్యూటరు అంటారు. అలా నియమించినవారు ఎవరూ లేనప్పుడు కోర్టు ఒకరిని నియమిస్తుంది. ఆ మనిషి పేరు అడ్మినిస్ట్రేటరు. కోర్టు ఇచ్చే అధికార పత్రాన్ని లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అంటారు. వీలునామా లేకుండా పోయిన భారతీయ క్రైస్తవుల విషయంలో ఈ పత్రం తప్పనిసరి అని చట్టం అనదు. కాని బ్యాంకువారు కోర్టు కాగితం అడుగుతున్నారు, అప్పులవారు తొందర చేస్తున్నారు. మరొక పక్క నాన్నగారికి బాకీ ఉన్నవారు ముఖం చాటేస్తున్నారు. ఇలాంటప్పుడు పొలానికీ డబ్బుకూ అప్పులకూ కలిపి జవాబుదారీ చేయి ఒకటి ఉండటం మేలని ఆయన సలహా ఇచ్చారు. డిపాజిట్టు మటుకే అయితే వారసత్వ ధృవపత్రం సరిపోయేదట. అది పొలానికి పనికిరాదు.

మరి ఆ చేయి ఎవరిది? ఇక్కడే మా ఊరి పెద్దల జవాబుకూ చట్టం జవాబుకూ తేడా కనిపించింది. క్రైస్తవుడు భార్యను విడిచి చనిపోతే, తగిన కారణం ఉంటే తప్ప ఆ అధికారం భార్యకే ఇవ్వాలని చట్టం చెబుతున్నది. పెద్దకొడుకన్న మాట అందులో లేదు. మాకు అభ్యంతరం లేదని మేము నలుగురం సంతకాలు చేశాము. పేపరులో ప్రకటన వచ్చింది. 2005లో అమ్మ పేరున పత్రం వచ్చింది. సక్రమంగా నిర్వహిస్తానని అమ్మ కోర్టుకు బాండు రాసిచ్చింది, పెద్దన్నయ్య జామీను ఉన్నాడు.

అడ్మినిస్ట్రేషన్ అనగానే మనకు కలెక్టరాఫీసు, జవాన్లు, అధికారం మనసులో మెదులుతాయి. ఆ మాటకు లాటిన్ భాషలో మూలార్థం సేవ చేయడం, అందించడం. రోగికి మందు ఇవ్వడానికీ, సాక్షిచేత ప్రమాణం చేయించడానికీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, పాత్ర అందించడానికీ ఇంగ్లీషులో అదే మాట వాడతారు. వీటిలో దేనిలోనైనా అందించేవాడి చేతిలో ఉన్నది అతని సొంతం కాదు. మన తెలుగు బైబిలులో గృహనిర్వాహకుడు అనే మాట చదివినవారికి ఈ అర్థం కొత్త కాదు.

ఈ చట్టానికి సంఘంతో ఉన్న పాత సంబంధం విని మేము ఆశ్చర్యపడ్డాము. పూర్వం ఇంగ్లండులో వీలునామా లేకుండా చనిపోయినవాని వస్తువులు బిషప్పుగారి చేతికి వెళ్ళేవి. వాటిని అతని ఆత్మ మేలు కోసం ధర్మకార్యాలకు వెచ్చించాలని ఉద్దేశం. అయితే అప్పులవారికి చెల్లించకుండానే సొమ్ము ఖర్చవుతున్నదని ఫిర్యాదులు వచ్చాయి. 1285లో మొదటి ఎడ్వర్డు రాజు కాలపు చట్టం, బిషప్పు కూడా మృతుని అప్పులు తీర్చవలసిందేనని చెప్పింది. 1357లో మూడవ ఎడ్వర్డు కాలంలో మరో చట్టం వచ్చి, ఆ పనిని మృతునికి దగ్గరివారికి అప్పగించాలన్నది. అడ్మినిస్ట్రేటరు పుట్టుక అదే. సంఘ కోర్టుల చేతిలోనుండి ఈ అధికారం రాజు కోర్టులకు మారింది 1857 చట్టంతో. మన దేశంలో 1865లో ఒక వారసత్వ చట్టం వచ్చింది, తరువాత అన్నిటినీ కలిపి 1925 చట్టం చేశారు. పరిశుద్ధమైన చేతిలో ఉన్న సొమ్ముకైనా లెక్క చెప్పాలని ఈ చరిత్ర మనకు నేర్పుతున్నది.

అమ్మకు వచ్చిన అధికారం ఎలాంటిదో కొద్దిరోజుల్లోనే తెలిసింది. ప్రోనోటు ఆయన మళ్ళీ వచ్చి ఎకరం సంగతి ఎత్తాడు. అప్పులవారిలో ఒకరిని ముందుకు తెచ్చి మరొకరిని వెనక్కి నెట్టడానికి అడ్మినిస్ట్రేటరుకు వీల్లేదు. "నాకే ఆ హక్కు లేదు బాబూ. నీ డబ్బు వరుసలో నీకు వస్తుంది" అన్నది అమ్మ. ఆమె చేతులకు చట్టం వేసిన కట్టు ఆ రోజు మా పొలానికి కంచె అయింది.

ఆ వరుస ఏమిటో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. మొదట అంత్యక్రియలకు తగుమాత్రపు ఖర్చు, చివరి జబ్బులో వైద్యం ఖర్చు. తరువాత కోర్టు పత్రానికైన ఖర్చు. ఆ తరువాత, మరణానికి ముందు మూడు నెలల లోపల పనిచేసిన కూలివాని, చేతిపనివాని, ఇంటి పనివాని జీతం. మిగతా అప్పులు దాని తరువాతే. వాటిలో ఆస్తి చాలకపోతే గొంతు పెద్దదైనవానికి ముందు, నోరులేనివానికి వెనుక అని లేదు. అందరికీ దామాషా ప్రకారం పంచాలి. అప్పులన్నీ తీరాకే వారసులకు పంపకం.

అమ్మ ఒక నోటుపుస్తకం పెట్టింది. డిపాజిట్టు వడ్డీతో కలిపి 2,40,000 రూపాయలు, నాన్నగారికి రావలసినవి తిరిగి తిరిగి వసూలు చేసినవి 24,000, వెరసి 2,64,000. ఆసుపత్రి, సమాధి ఖర్చులు 38,000. కోర్టు ఫీజు, ప్రకటన, ప్లీడరు ఫీజు 39,000. మూడు నెలలుగా జీతం అందని మా పాలేరుకు 3,600. తన డబ్బు అడగడానికి నోరు రాక అతడు కళ్ళం దగ్గరే నిలబడేవాడు. అమ్మ కబురుచేసి పిలిపించి, ప్రోనోటు ఆయనకంటే ముందు అతని చేతిలో పెట్టింది. "నన్నెవరు తలుస్తారనుకున్నానమ్మా" అని అతడు కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత ఎరువుల కొట్టుకు 11,400, ప్రోనోటుకు వడ్డీతో సహా 58,000. ఖర్చు మొత్తం 1,50,000 పోగా మిగిలింది 1,14,000.

పత్రం అందిన ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఏడాదిలో జమాఖర్చుల లెక్క కోర్టుకు దాఖలు చేయాలి. అమ్మ రెండూ గడువులోపలే ఇచ్చింది. అడ్మినిస్ట్రేటరు సొమ్మును దుర్వినియోగం చేస్తే ఆ నష్టం తన జేబునుండి పూడ్చాలి.

చివరికి పంపకం. ఈ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. కొడుకుకు ఎక్కువ, కూతురికి తక్కువ లేదు. పెళ్ళినాడు ముట్టింది కదా అన్న మాటకూ చట్టంలో సూటిగా జవాబుంది. వీలునామా లేకుండా పోయినవారు తమ జీవితకాలంలో బిడ్డకు ఇచ్చినదానిని వాటాలో తగ్గించకూడదు. డబ్బులో అమ్మకు 38,000, మాకు తలా 19,000. భూమిలో అమ్మకు 80 సెంట్లు, మాకు తలా 40 సెంట్లు. ఇల్లు అమ్మ బ్రతికినంతకాలం ఆమెదేనని మేము నలుగురం ఒప్పుకున్నాము. చెల్లెలు తన 19,000 తీసుకొని, "డబ్బు కోసం కాదమ్మా, నన్ను లెక్కలో కలిపారు, అది చాలు" అన్నది. ఈనాటికీ క్రిస్మసుకు మేమంతా ఒక్క ఇంటిలోనే కలుసుకుంటున్నాము.

ప్రతి ఇల్లూ కోర్టుకు వెళ్ళాలని మేము చెప్పడం లేదు. బ్రతికుండగానే వీలునామా రాసి ఉంచితే చాలా తిప్పలు తప్పుతాయి. దానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందబోయేవారినీ వారి భార్యాభర్తలనూ సాక్షులుగా పెట్టకండి. పెడితే మన చట్టం ప్రకారం వారికి రాసినది చెల్లదు. 2002లో వచ్చిన సవరణ తరువాత క్రైస్తవుల వీలునామాకు ప్రొబేటు తీసుకొనే తప్పనిసరి లేదు. బ్యాంకు ఖాతాకు నామినీని పెట్టండి. నామినీ ఆ డబ్బు అందుకొని అసలు వారసులకు చేర్చవలసినవాడని మాత్రం మరువకండి.

వీలునామా ఉన్నా లేకపోయినా, పోయినవారి సొమ్ము పట్టుకున్న చేయి తల్లిదైనా కొడుకుదైనా ఒక నోటుపుస్తకం తెరవాలి. అప్పు తీర్చిన తేదీ, అందుకున్నవారి సంతకం, మిగిలిన పైకం అందులో రాయాలి. ఆ పుస్తకం ఇంటిల్లిపాదీ చూడగలిగేలా బల్ల మీద ఉండాలి. మా అమ్మ పుస్తకం అట్ట చిరిగిపోయింది గాని, ఇప్పటికీ మా దగ్గర భద్రంగా ఉంది. మా పిల్లలకు కూడా చూపిస్తున్నాము.